ఆనంద రంగు

మూసాపేటలో మా గదికి కిటికీ ఉంది.
కిటికీకి అవతల పక్కింటి గోడ ఉంది.
సున్నం కూడా వెయ్యని గోడ,
చెయ్యి చాపితే గరుగ్గా తగుల్తుంది.

రాత్రి తొమ్మిదికి క్యాబొస్తుంది.
తెల్లార్లూ గచ్చిబౌలిలో
ఎవరెవరి జబ్బులకో కోడ్లు వేస్తాను.
నిద్ర పట్టకపోవడానికి ఒక కోడుంది.
ఏడుపు రాకపోవడానికి వెతికాను,
దొరకలేదు.
పొద్దున ఏడింటికి
ఊరంతా మొహం కడుక్కుంటుంటే
నల్ల కర్టెన్ లాగి పడుకుంటాను.

మూడో నెల్లో
చెంచా ఎత్తడం బరువైంది.

అమీర్‌పేట డాక్టరమ్మ
కాయితం మీద గీత గీసి
సున్నా నుంచి పది దాకా అంకెలేసి
"సంతోషం ఎక్కడుంది, చూపించు" అంది.
నేను కాయితం తిప్పి చూశాను.
వెనక మందుల కంపెనీ క్యాలెండరు.

లైటు రాసింది. మందుల చీటీ మీద, లైటు!
పదివేల లక్సులు, లేవగానే అరగంట,
సూటిగా చూడకు, పక్కన పెట్టుకుని
ఏదో ఒక పని చేసుకో.

నేను లేచేది సాయంత్రం నాలుక్కి.
పలకంత లైటుని కందిపప్పు డబ్బాకి ఆనించి
చిక్కుడుకాయల ఈనెలు తీసేదాన్ని.
విరజ నవ్వేది:
"సూర్యుడికి ఈఎంఐ కట్టేది
ఈ హైదరాబాద్‌లో నువ్వొక్కదానివే."
ఆరు వాయిదాలు.

వాళ్ళ పెదనాన్న
దిల్‌సుఖ్‌నగర్ డాబా మీద
రంగు సీసాల్లో నీళ్ళు పోసి ఎండబెట్టేవాడట.
కోపానికి నీలం సీసా, మలబద్ధకానికి పసుపు.
తాగినవాళ్ళకి ఏం నయమైందో తెలీదు గానీ
రోజూ డాబా ఎక్కి దిగి
ఆయన మాత్రం ఎనభై ఆరేళ్ళు బతికాడట.

నా లైటు పనిచేసిందా అంటే,
పదో రోజుకి
ఈనె పచ్చగా ఉంటుందని తెలిసింది.
అంతకు ముందు అది ఉత్త ఈనె.

మంగళవారం వీకాఫ్.
ట్రంకు పెట్టెలో వెలిసిన చున్నీ ఒకటి బయటపడింది.
ఎందుకో పారెయ్యబుద్ధి కాలేదు.
ఎంజీబీఎస్‌లో మెట్రో దిగి
ముక్కు మూసుకుని నయాపూల్ దాటి
పత్తర్‌గట్టి వెనక గల్లీ, జిలానీ భాయ్ కొట్టు.
కాగుల్లో పొగలు.
మోచేతుల దాకా
ఏ రోజు రంగు ఆ రోజు తొడుక్కునే మనిషి.

"ఏం రంగేసేది?"
"పాతదే. ఇదివరకు ఉన్నదే."
"దానికో పేరుంటది కదా అమ్మా."

పేరు తెలుసు.
ఇటు నీలమూ కాదు, అటు పచ్చా కాదు,
చీరల కొట్లలో అందరూ మామూలుగా అనే పేరే.
నడిబజార్లో, నలుగురి ముందు,
నా నోటితో ఆ మాట అడగాలంటే
ఎక్కడలేని సిగ్గు.

"ఆనంద," అన్నాను.
"లేత ఆనందా, ముదురా?"
వంకాయల బేరమంత మామూలుగా అడిగాడు.

ముంచి, తీసి, పిండి, చూపించాడు.
"బాగుంది, చాలు," అన్నాను.
"ట్యూబ్‌లైట్ల ఒప్పుకోకు అమ్మా,
అది అబద్ధం చెప్తది.
బయటికి రా. ఎండల చూడు."

అత్తరు కొట్టుకీ బుర్ఖాల కొట్టుకీ మధ్య
జానెడు పట్టీ ఎండ.
మిట్టమధ్యాహ్నాన్ని చూసి ఎన్ని నెలలైందో!
తడి చున్నీ ఆ కొస ఆయన, ఈ కొస నేను
పట్టుకుని నిలబడ్డాం.
స్కూటరువాడొకడు హారన్ కొట్టి, విసుక్కుని,
తల వంచి కిందనుంచి దూరిపోయాడు.
వాడి తెల్ల చొక్కా మీద ఒక్క క్షణం
ఆ రంగు.
నా ముంజేతుల మీద కూడా.

కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి.
ఎండకే అనుకుంటా.

"ఇంకా పట్టలే," అన్నాడు జిలానీ భాయ్,
"ఇంకోసారి ముంచాలె. గంటాగు."
ఒక స్టూలు తెచ్చి గల్లీలో వేశాడు.
లైటు కంపెనీకి
ఇంకా అయిదు వాయిదాలు బాకీ ఉండగా
ఆ జానెడు ఎండలో కూర్చున్నాను,
సూటిగా చూడకుండా.